స్కోప్ తీసేసి చూడండి: జర్మన్ కె98కె స్నైపర్ రైఫిల్ అసలుదా, నకిలీదా?

పబ్జీ ఆడినవాళ్లకు కార్98కె గురించి చెప్పక్కర్లేదు. అసలు తుపాకీ పేరు కారాబినర్ 98కె. 1935లో జర్మన్ సైన్యంలోకి వచ్చింది, యుద్ధం ముగిసేసరికి కోటికి పైగా తయారైంది. అందులో స్నైపర్ల కోసం కట్టినవి చాలా కొద్ది వంతు. మామూలు కె98కెకి, స్నైపర్ కె98కెకి ధరలో తేడా ఎన్నో రెట్లు. మామూలుదానికి ఒక రైల్ (స్కోప్‌ను పట్టుకునే లోహపు పట్టీ), పాత స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే దుర్భిణి) బిగించడం మంచి వర్క్‌షాప్ ఉన్నవాడికి పెద్ద కష్టమేమీ కాదు. నకిలీలు పుట్టేది అక్కడే. అమెరికాలో గన్ షోలకు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది కూడా అక్కడే.

ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకోండి. తర్వాత స్కోప్, మౌంట్ (స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే బిగింపు) తీయమని అడగండి. ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

సమస్య: "ఒరిజినల్ స్నైపర్" అంటున్నారు, ఏ రకమో చెప్పడం లేదు

జర్మన్లు ఒకే రకం స్నైపర్ కట్టలేదు. జెడ్‌ఎఫ్41 అనే రకంలో 1.5 రెట్లు మాత్రమే పెద్దదిగా చూపే చిన్న స్కోప్ ఉంటుంది. అది కంటికి దూరంగా, వెనక సైట్ దిమ్మ దగ్గర కూర్చుంటుంది. టరెట్ రకంలో స్కోప్ ముందు కాలును రిసీవర్ (బ్యారెల్, బోల్ట్ కూర్చునే లోహపు భాగం) ముందు రింగ్ మీది దిమ్మలో అడ్డంగా దింపి, తిప్పి లాక్ చేస్తారు. ఇందులో ఎత్తు టరెట్, తక్కువ టరెట్ అని రెండున్నాయి. ఎత్తు టరెట్ అనగానే గుర్తొచ్చేది సావర్ ఫ్యాక్టరీ, అంటే 'సిఇ' అనే ఫ్యాక్టరీ కోడ్. ఇవి కాక రిసీవర్ ఎడమ పక్కన బిగించే పొట్టి రైల్, పొడుగు రైల్ ఉన్నాయి. ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ విభాగం) దళాలు వాడిన కొక్కేల మౌంట్లు వేరే కథ.

అమ్మేవాడు రకం పేరు చెప్పాక రిసీవర్ మీది ఫ్యాక్టరీ కోడ్, సంవత్సరం చదవండి. 'బివైఎఫ్' అంటే ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్, 'బిసిడి' అంటే వైమార్‌లోని గుస్ట్‌లాఫ్, 'బిఎన్‌జెడ్' అంటే స్టయర్. పొడుగు రైల్ ప్రధానంగా గుస్ట్‌లాఫ్ పని, అదీ యుద్ధం చివర్లో. 'బివైఎఫ్ 41' (అంటే 1941 మౌజర్) రిసీవర్ మీద పొడుగు రైల్ కనిపిస్తే అది నకిలీయే, ఇక స్కోప్ అద్దం బాగుందా లేదా అని చూసే పనే లేదు.

సమస్య: రైల్ పాతగానే ఉంది, అయినా మనసు ఒప్పుకోవడం లేదు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పొడుగు రైల్ కోసం గుస్ట్‌లాఫ్ ప్రత్యేకంగా రిసీవర్లు చేయించింది. ఎడమ పక్క లోహం మందంగా, బల్లపరుపుగా ఉంటుంది. మామూలు రిసీవర్ పక్క సన్నగా ఉంటుంది, రైల్ సరిగ్గా ఆనదు. నకిలీ చేసేవాడు బెజ్జాలు వేయగలడు, రైల్ కొత్తది చేయించగలడు. లేని లోహాన్ని మాత్రం తేలేడు. వెల్డింగ్‌తో మందం పెంచినా, ఆ చోట నల్లపూత రంగు పక్కనున్న లోహానికి భిన్నంగా తేలుతుంది. కాబట్టి రైల్ కంటే ముందు దాని కింద ఉన్న రిసీవర్‌ను పరీక్షించండి.

పొట్టి రైల్ విషయంలో తొందరపడకండి. మొదట్లో దాన్ని మూడు స్క్రూలతోనే బిగించారు. కాల్చినప్పుడల్లా వచ్చే ఎదురుదెబ్బకి అవి వదులయ్యేవి. అందుకే తర్వాత లాకింగ్ స్క్రూలు, దిగగొట్టే పిన్నులు కలిపారు. అందువల్ల మూడే స్క్రూలున్నంత మాత్రాన నకిలీ కాదు. పిన్నులు తర్వాత చేర్చినట్టు కనిపించినా అది సైన్యం చేసిన మరమ్మతే కావచ్చు.

రిసీవర్ పైభాగంలో రెండు మూడు బెజ్జాలు కనిపిస్తే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత మర (స్క్రూ తిరిగే గాడి) కొలిపించండి. అమెరికన్ 6-48 మర వచ్చిందంటే, యుద్ధం తర్వాత ఎవరో వేటగాడు తన స్కోప్ కోసం వేయించిన బెజ్జాలవి. జర్మన్ ఫ్యాక్టరీ స్కోప్ కోసం వేసే మర అది కాదు.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. రిసీవర్ మీద స్కోప్ కూర్చునే రకాల్లో చాలావాటికి వెనక సేఫ్టీ రెక్కను కోసి తగ్గించారు, లేకపోతే స్కోప్‌కు తగులుతుంది. ఖాళీ తుపాకీకి స్కోప్ పెట్టి సేఫ్టీ తిప్పి చూడండి. తిరగకపోతే ఆ జోడీ యుద్ధంలో ఏ సైనికుడి చేతిలోనూ పనిచేసి ఉండదు.

సమస్య: జెడ్‌ఎఫ్41 రైల్ ఉంది, స్కోప్ లేదు

దీనికి కంగారు పడక్కర్లేదు. ఈ రైఫిల్స్‌లో చాలావాటికి స్కోప్ ఎప్పుడో పోయింది. అసలు రైల్ వెనక సైట్ దిమ్మతో ఒకే ముక్కగా, ఎడమ వైపు మిల్లింగ్ చేసి ఉంటుంది. భూతద్దం పెట్టి దిమ్మ అంచు వెంట చూడండి. అతుకు గీత కనిపిస్తే తర్వాత అంటించినదే. గీత లేకపోతే నిజమైన జెడ్‌ఎఫ్41 రైఫిల్‌గానే కొనండి. తర్వాత ఎక్కడో దొరికిన స్కోప్ పెట్టినా, దాన్ని "మొదటి నుంచీ ఉన్నదే" అని మాత్రం ఎవరికీ చెప్పకండి.

సమస్య: బోల్ట్ మీద ఒక నంబర్, రిసీవర్ మీద ఇంకో నంబర్

ఒక వరుసలో 9999 వరకు పోయాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, చివర చిన్న అక్షరం కలపడం జర్మన్ ఫ్యాక్టరీల పద్ధతి. అందుకే అక్షరాన్ని వదిలేసి నంబర్ మాత్రమే పోల్చకూడదు. చిన్న భాగాల మీద చివరి రెండు అంకెలే ఉండొచ్చు.

పాత అంకెలు కొట్టేసి, కొత్తవి ఎలక్ట్రిక్ పెన్‌తో గీసి ఉంటే అది సోవియట్ డిపోలో తిరగకట్టిన తుపాకీ. రిసీవర్ మీద ఎక్స్ గుర్తు, ముదురు నల్ల పూత, కర్ర మీద మెరిసే లక్క ఉంటాయి. ఇవి నిజంగా యుద్ధంలో పట్టుబడినవే, మామూలు రైఫిల్‌గా కొనుక్కోవడానికి మంచివే. కానీ చవగ్గా, విరివిగా దొరికాయి గనుక నకిలీ స్నైపర్లకు ముడిసరుకుగా మారినవీ ఇవే. రైల్ మీద ఎలక్ట్రిక్ పెన్ గీత లేకుండా, మిగతా భాగాల మీద మాత్రమే ఉందనుకోండి, రైల్ ఎప్పుడు వచ్చిందో అమ్మేవాడినే అడగండి. ఇవి కాక, నార్వే కొన్ని కె98కెలను .30-06 తూటాకు, ఇజ్రాయెల్ 7.62 నాటో తూటాకు మార్చుకున్నాయి. బ్యారెల్ అసలు కొలత 7.92 మి.మీ. కాకపోతే దాని మీదున్న యుద్ధకాలపు స్కోప్‌ను నమ్మొద్దు.

సమస్య: ముద్రలన్నీ అద్దంలా స్పష్టంగా ఉన్నాయి

గద్ద ముద్ర (సైన్యపు తనిఖీ గుర్తు) కింద ఉండే నంబర్ ఫ్యాక్టరీతో కుదరాలి. ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ మీద 135, గుస్ట్‌లాఫ్ మీద 749, సావర్ మీద 359 కనిపిస్తాయి. నంబర్ కుదిరినా వదిలేయొద్దు. ముద్ర గాడిలో లోహం తెల్లగా మెరుస్తోందా, తుప్పు గుంతల మీదుగా గీత దిగిందా చూడండి. గుంత ముందు, ముద్ర తర్వాత అంటే సైన్యం వేసిన ముద్ర కాదు. ఎస్‌ఎస్ పుర్రె గుర్తు ఉంటే నేనైతే ఇంకా అనుమానిస్తాను. అన్నిటికంటే ఎక్కువగా నకిలీ చేసేది దాన్నే.

సమస్య: స్కోప్ మీద సైనిక కోడ్ లేదు, జైస్ అని కంపెనీ పేరే ఉంది

ఇది లోపం కాదు. సైన్యం బజారు స్కోప్‌లు కూడా తీసుకుంది. జైస్, హెన్‌సోల్ట్, కాలెస్, అజాక్ నాలుగు రెట్ల స్కోప్‌లు యుద్ధంలో వాడినవే. పేరుకంటే మౌంట్ మీద రైఫిల్ నంబర్ ఉందా అన్నదే ముఖ్యం. అది కూడా కొత్తగా కొట్టినట్టు ఉంటే పైన చెప్పిన ముద్రల పరీక్షే.

సమస్య: ఇది కె98కె కాదు, జి43

తనంతట తానే తూటా ఎక్కించుకునే ఈ రైఫిల్‌కు కుడి పక్కన స్కోప్ రైల్ దాదాపు అన్నిటికీ ఉంటుంది. జెడ్‌ఎఫ్4 స్కోప్ దొరికిన ఎవరైనా బిగించేయొచ్చు. అందుకే రైల్ ఉందన్న కారణంతో ఎక్కువ ధర ఇవ్వొద్దు. రైఫిల్ ధర, స్కోప్ ధర విడివిడిగా కట్టి కూడండి.

సమస్య: "తాతగారు యుద్ధం నుంచి తెచ్చారు" అన్న కాగితం ఉంది

1945లో ఇంటికి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులకు పట్టుకున్న ఆయుధాల మీద కాగితం ఇచ్చారు. అందులో సీరియల్ నంబర్ రాసి ఉంటే రిసీవర్‌తో పోల్చండి. ఒట్టి "జర్మన్ రైఫిల్ ఒకటి" అని ఉంటే ఆ కాగితాన్ని దేని పక్కనైనా పెట్టి అమ్మొచ్చు. నంబర్ కలిసినా స్కోప్ ప్రస్తావన లేకపోతే, అది రైఫిల్‌కి రుజువే గానీ స్కోప్‌కి కాదు. స్కోప్‌తో ఉన్న పాత ఫొటో, లేదా కుటుంబం నుంచి సంతకం చేసిన ఉత్తరం అడగండి. రెండూ లేకపోతే మామూలు కె98కె ధరకు మించి ఇవ్వకండి.