పాత దారి బోర్డు ఎప్పటిదో కనుక్కోవడం ఎలా

హైదరాబాద్ చుట్టుపక్కల రోడ్డు మీద పాత దారి బోర్డో మైలురాయో కనబడితే ముందు దూరం చూడండి, మైళ్ళలో ఉందంటే చాలా పాతది, ఎందుకంటే మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది, కిలోమీటర్లు ఆ తర్వాతే మెల్లగా వచ్చినయ్. బొంబాయి అని రాసుంటే 1995కి ముందుది, మద్రాస్ అంటే 1996కి ముందుది అనుకోవచ్చు. నాకు బాగా ఇష్టమైన గుర్తు మాత్రం హైవే నంబరే. విజయవాడ రోడ్డు మీద 9 అని ఉంటే అది పాత నంబర్, 2010లో నంబర్లన్నీ మార్చినప్పుడు 65 అయింది, అట్లనే నాగ్‌పూర్, బెంగళూరు పోయే 7 కాస్తా 44 అయింది. పైన మళ్ళీ పెయింట్ వేసుంటే పొద్దున్నే ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, చెక్కిన పాత అక్షరాలు తేలి కనబడతయ్. దయచేసి గీకొద్దు, తడిబట్టతో దుమ్ము తుడిస్తే చాలు.