పాత చొక్కాతో అతుకుల జాకెట్ కుట్టుకోవడం ఎలా?

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎద్దేవా చేయాలంటే మన పత్రికలకు వెంటనే దొరికే మాట ‘అతుకుల బొంత’. ఆ బొంతనే ఇప్పుడు న్యూయార్క్‌లో కోటుగా తొడుక్కుంటున్నారు. ఫ్యాషన్ డిజైనర్ ఎమిలీ బోడ్ 2016లో అక్కడ పెట్టిన బ్రాండుకు పేరు తెచ్చినవి పాత బొంతలతో కుట్టిన జాకెట్లే. అక్కడే జరిగే పెద్ద ఫ్యాషన్ వేడుక మెట్ గాలాకు 2021లో ర్యాపర్ ఏసాప్ రాకీ అయితే ఏకంగా ఒక రంగురంగుల బొంత కప్పుకొని దిగాడు. వీళ్లకంటే ఎంతో ముందే హిప్పీలు, వాళ్ల వెనక పంక్ రాక్ సంగీతం పిచ్చిలో పడ్డ కుర్రాళ్లు అతుకుల బట్టలతో తిరిగారు. ఆ పంక్‌లలోనే ఒక శాఖ క్రస్ట్ పంక్‌లు. వీళ్లు తమకిష్టమైన బ్యాండ్ల పేర్లున్న గుడ్డముక్కల్ని నల్ల ప్యాంటు మీద పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారంతో కుట్టుకుంటారు. ఆ దారం ఓ పట్టాన తెగదు మరి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. అమ్మమ్మ చేత్తో కుట్టిన బొంతను జాకెట్ కోసం కోయకండి. పాత బొంతల్ని ఇలా కత్తిరించడం మీద అమెరికాలోనూ గొడవ నడుస్తోంది, నేను వద్దనేవాళ్ల పక్షం. ఎలుకలు కొట్టి సగం పోయిన బొంత ఉంటే మాత్రం మిగిలిన సగం నిక్షేపంగా వాడుకోవచ్చు.

కటింగ్ రాదని వెనకాడక్కర్లేదు. ఒక పాత చొక్కా ఉంటే చాలు. అదే కొలత, అదే అడుగు గుడ్డ.

1. చొక్కా, ముక్కలు

మీ సైజు కంటే ఒక సైజు పెద్దది, ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా తీసుకోండి. అతుకులు పడ్డాక లోపల వదులు తగ్గుతుంది. జేబు విప్పేయండి. చేతి కింది నుంచి నడుము దాకా పోయే పక్క కుట్టును బ్లేడుతో జాగ్రత్తగా విప్పితే చొక్కా దాదాపు చాపలా పరుచుకుంటుంది. విప్పడం విసుగనిపిస్తే కుట్టు పక్కనే కత్తిరించేయండి, పెద్ద సైజు తీసుకున్నందుకు అదీ సరిపోతుంది.

ముక్కలకు నూలు బట్టలే మంచివి. పాత నేత చీర, లుంగీ, దుప్పటి, కుర్తా, ఏవైనా సరే. టీ షర్టులు, లెగ్గింగ్స్ సాగుతాయి, వద్దు. వీధి చివర టైలర్‌ని అడిగితే రవికె ముక్కల సంచీ ఒకటి ఇస్తాడు, అందులోంచి పాలిస్టర్ ఏరి పక్కన పెట్టండి. చీర ఎంత నలిగిందో తెలియాలంటే వెలుతురుకు ఎదురుగా పట్టి, రెండు బొటనవేళ్లతో లాగి చూడండి. చర్రున చిరిగితే అది ఇల్లు తుడవడానికే. అంచు దగ్గర మాత్రం నేత గట్టిగా ఉంటుంది, దాన్ని పారేయకండి.

2. రంగు పరీక్ష

నేను దీన్ని తేలిగ్గా తీసుకున్నాను. ఒక ఎర్ర లుంగీ ముక్క మొదటి ఉతుకులోనే చుట్టూ ఉన్న తెల్లముక్కలన్నిటినీ గులాబీ చేసి పెట్టింది. కాబట్టి అన్నీ ఉతికి ఆరేశాక, ముదురు రంగు ముక్క మీద తడిపిన తెల్లగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె నొక్కండి. రంగు అంటితే మళ్లీ ఉతకాలి, మళ్లీ చూడాలి. అప్పటికీ కారుతుంటే వదిలేయాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందంటారు గానీ, ఎప్పుడో అద్దకం అయిపోయిన గుడ్డ విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

3. పరచడం

బెత్తెడుకు తగ్గకుండా, జానెడుకు మించకుండా ముక్కలు కోయండి. పడుగు, అంటే గుడ్డలో నిలువు పోగులు, చొక్కా నిలువుకు వచ్చేలా చూసుకోండి, ఏటవాలుగా కోసిన ముక్క సాగి ముడత పడుతుంది. అన్నీ ఒకే కొలతలో ఉండాలని లేదు. నా చొక్కాకు చేతులు వదిలేస్తే 64 పట్టాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో సిద్దీ స్త్రీలను చూసి నేర్చుకోవచ్చు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే వీళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వీళ్లు కుట్టే బొంతను కవండి అంటారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరుకుంటారు. ఒక ముక్క కోసిన అంచును పక్క ముక్క మడత కప్పేస్తుంది కాబట్టి ఎక్కడా పీచు బయటికి రాదు. మనమూ కింది అంచు నుంచి, గుండీల పట్టీ పక్క నుంచి మొదలుపెట్టి లోపలికి పోదాం. ప్రతి ముక్కకూ పైకి కనిపించే అంచును అర అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసి, పక్కదాని మీదికి ఎక్కించి పిన్నీసు పెట్టండి.

కాలరు, గుండీల పట్టీ, చంక, మోచేతి మడత దగ్గర అతుకులు వద్దు. అక్కడ మందం పెరిగితే చెయ్యి ఆడదు, చెమటకు చిరాకు.

కుట్టేముందు ఫోన్లో నలుపు తెలుపు ఫొటో ఒకటి తీయండి. ముదురు ముక్కలన్నీ ఒకే చోట గుమిగూడితే అందులో ఇట్టే తెలిసిపోతుంది.

4. కుట్టు

అచ్చంగా బొంత కుట్టే. సూది పైకీ కిందికీ పోతూ వచ్చే వరస కుట్టు, వరసకూ వరసకూ మధ్య ఒక వేలి వెడల్పు ఎడం. ఎంబ్రాయిడరీ దారం మూడు పోగులు, పెద్ద బెజ్జం సూది. దారం మూరెడు చాలు, అంతకు మించితే చిక్కులు పడుతుంది. బిగించి లాగితే చొక్కా అంతా ముడుచుకుపోతుంది. రెండు మూడు వరసలకోసారి అరచేత్తో సాపు చేస్తూ పోండి. కుట్లు వంకరపోతే పోనివ్వండి. మెషీన్ మీద తిన్నగా వచ్చిన అతుకులు నాకైతే కర్టెన్‌లా కనిపిస్తాయి.

కవండి మూలల్లో సిద్దీలు చిన్న గుడ్డను త్రికోణంగా మడిచి పెడతారు. దాని పేరు ఫూల. అది లేకపోతే కవండి పూర్తయినట్టు కాదు. జాకెట్ ముందు భాగంలో కింది రెండు మూలలకూ అది బాగుంటుంది.

5. మూయడం

విప్పిన పక్క కుట్టును మెషీన్ మీద 16 నంబరు సూదితో మళ్లీ వేయండి. మామూలు సన్న సూది ఇన్ని పొరల్లో విరుగుతుంది. మెషీన్ లేకపోతే ఇందాక ముక్కలిచ్చిన టైలర్ దగ్గరికే పట్టుకెళ్లండి.

ఉతికేటప్పుడు చన్నీళ్లు, తిరగేసి, విడిగా. పిండకండి. తడిస్తే బరువెక్కుతుంది కాబట్టి హ్యాంగరుకు వేలాడదీస్తే భుజాలు జారతాయి, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టండి.