యుద్ధనౌక మోడల్ తేడా కొట్టిందా? లక్షణం, కారణం, మందు

ఓడ మోడల్ పాడైతే ముందు కిట్ కంపెనీని తిట్టుకుంటాం. నిజానికి బెజవాడ, గుంటూరుల్లో చాలా తంటాలకు మూలం రెండే: గదిలో వేడి-తేమ, కట్టబోయేది ఓడ ఏ నెల, ఏ ఏడాది నాటి రూపమో ముందే ఒక తేదీ పెట్టుకోకపోవడం. రంగు సీసాల మీద రాసే పాళ్లు, ఆరే సమయాలు చల్లటి దేశాల గదులకు సరిపోతాయి. మనకు మే మధ్యాహ్నం ఒక లెక్క, ఆగస్టు ముసురు ఇంకో లెక్క. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని బల్ల మీద పెట్టుకున్నాకే కింది మందులు వాడండి.

సమస్య: వేసవిలో అంటించిన ఇత్తడి రెయిలింగ్ డిసెంబరుకల్లా పాములా మెలికలు తిరిగింది. లేదా ఏసీ గదిలో అంటించింది మే నెలలో టప్పున ఊడొచ్చింది.

జిగురు నాసిరకం అనుకుని సీసా మార్చేస్తారు. తప్పు జిగురుది కాదు. కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ ఒక్క డిగ్రీ వేడికి మీటరు పొడవున సుమారు 0.07 నుంచి 0.08 మి.మీ. సాగుతుంది. ఇత్తడి 0.02 కూడా సాగదు. 251 మీటర్ల జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ 1/350 స్కేల్లో, అంటే అసలులో 350వ వంతులో, 717 మి.మీ. వస్తుంది. 42 డిగ్రీల మధ్యాహ్నం రెయిలింగ్ అంతా ఒకే ముక్కగా అంటించారనుకోండి. డిసెంబరు తెల్లవారుజామున గది 20 డిగ్రీలకు దిగేసరికి ఓడ ఒళ్లు 1.2 మి.మీ. దాకా కుదించుకుంటుంది, రెయిలింగ్ మాత్రం 0.3 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 0.9 మి.మీ. ఎక్కడికి పోవాలి? పక్కకు వంగుతుంది. స్కేలు ప్రకారం అసలు ఓడ మీద అది అడుగు పొడవు. ఏసీ గది కేసులో ఇదే తిరగబడుతుంది: ప్లాస్టిక్ సాగి ఇత్తడిని లాగేస్తుంది, జిగురు చుక్కలు ఒక్కొక్కటే తెగుతాయి.

మందు: రెయిలింగ్‌ను 50-60 మి.మీ. ముక్కలుగా, నిలువు కాలి దగ్గరే కోయండి. ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుక మందం సందు వదలండి. అసలు ఓడల్లోనూ రెయిలింగ్ ఏకబిగిన ఉండదు కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా కనిపించదు. అంటించే పని గది 28-32 డిగ్రీలు ఉన్నప్పుడు పెట్టుకుంటే రెండు వైపులా సాగుడు సగమే పడుతుంది. అంటించే ముందు ఇత్తడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, వేలి జిడ్డు మీద ఏ జిగురూ నిలవదు. ఫెవిక్విక్ ముక్క రెండు చివర్లలో సూదిమొన అంత చాలు, మధ్య కాళ్లకు నీళ్లు కలిపిన తెల్ల జిగురు. అది కాస్త మెత్తగా ఉండి సాగుడును భరిస్తుంది.

ఇప్పటికే మెలికపడిన దాన్ని పీకక్కర్లేదు. కొత్త బ్లేడుతో మధ్య కాలి పక్కన కోసి, ఎక్కువైన ముక్కను తీసేసి, ట్వీజర్‌తో నిటారు చేసి తెల్ల జిగురు పెట్టండి. ఎండిన ఫెవిక్విక్ తీయడానికి ఎసిటోన్ మాత్రం వాడొద్దు, డెక్కు కూడా కరిగిపోతుంది.

సమస్య: తాళ్లు, యాంటెన్నా తీగలు వేలాడిపోయాయి.

ఇక్కడా అదే కథ. స్ప్రూను (కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడను) కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీసిన దారమైతే పని సులువు. వెలిగించిన అగరుబత్తిని ఊది బూడిద రాల్చి, దారానికి రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక్క క్షణం తిప్పితే బిగుసుకుంటుంది. ఇంకా దగ్గరికి వెళ్తే తెగుతుంది. కొత్తగా కట్టేవాళ్లు సాగే రకం సన్న రిగ్గింగ్ దారం వాడితే ఈ బాధే ఉండదు. తల వెంట్రుకలు వాడేవాళ్లున్నారు. వెంట్రుక సుమారు 0.07 మి.మీ., అంటే 1/350లో పాతిక మి.మీ. తాడు, ఫర్వాలేదు. 1/700లో అదే 50 మి.మీ. మోకు అవుతుంది, వద్దు.

సమస్య: లాకర్ రంగు ఆరాక పాలు కలిపినట్టు తెల్లబారింది.

ద్రావకం ఆవిరయ్యేటప్పుడు రంగు పొర చల్లబడుతుంది. గాలిలో తేమ బాగా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు పడుతుంది, అదే తెలుపు. తేమ 70 శాతం దాటితే లాకర్ జోలికి వెళ్లకండి. బందరు కాలువ, రైవస్ కాలువ గట్టు ఇళ్లలో వానాకాలం ఈ అంకె తేలిగ్గా దాటుతుంది. తప్పదంటే గదిలో గంట ఏసీ నడిపి, థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలపండి. లెవెలింగ్ థిన్నర్ పేరుతో వచ్చేవాటిలో అది ముందే ఉంటుంది. తెల్లబారిన చోట రంగు గీకొద్దు. పొడి రోజున రిటార్డర్ కలిపిన థిన్నర్ ఒక్కటే పల్చగా స్ప్రే చేస్తే పొర మళ్లీ మెత్తబడి లోపలి నీరు పోతుంది. రంగులో నీటి బొట్లే పడుతున్నాయంటే అది వేరే జబ్బు: కంప్రెసర్ ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదలండి, గొట్టానికి మాయిశ్చర్ ట్రాప్ పెట్టండి.

సమస్య: మే నెలలో స్ప్రే చేస్తే రంగు ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది.

చుక్క ఓడను చేరేలోపే గాల్లో ఆరిపోతోంది. ఇంకాస్త పల్చన చేయండి, ప్రెషర్ 15 పీఎస్ఐ దగ్గరికి దించండి, ఎయిర్‌బ్రష్‌ను 5-7 సెం.మీ. దూరానికి తెండి, పని ఉదయం ఏడు లోపు ముగించండి. వచ్చిన గరుకును 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్దితే పోతుంది.

సమస్య: రంగు వేయగానే ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్లు.

ఆటోనగర్ పెయింటు షాపుల్లో వాటర్ పేపర్, లప్పం చవకగా, నాణ్యంగా దొరుకుతాయి, కొనండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ విషయంలోనే జాగ్రత్త. కారు రేకుకు ఏమీ కాని ఆ థిన్నర్ పాలీస్టైరీన్‌ను తినేస్తుంది. బ్రష్‌లు కడగడానికి ఉంచుకోండి, రంగులో కలపొద్దు. పగిలిన చోట 600, తర్వాత 1000 పేపర్ పట్టి, మోడళ్ల ప్రైమర్ పల్చటి పొరలుగా వేయండి. ఎన్‌సీ లప్పం కూడా ఒకేసారి మందంగా పెడితే ఆరుతూ కుంగిపోతుంది. రోజుకొక పల్చటి పొర పెట్టాలి. పెద్ద సందైతే ఎం-సీల్ మేలు, అది కుంగదు.

సమస్య: ఫెవిక్విక్ చుట్టూ తెల్లటి పొగచూరు.

ఆ జిగురు గట్టిపడేదే తేమతో. గాలాడని చోట, ముసురు రోజున, చుక్క పెద్దదైతే ఆవిరి లేచి పక్కనే దిగుతుంది. చుక్క తగ్గించండి, దూరంగా ఫ్యాను పెట్టండి. మచ్చ మీద క్లియర్ కోటు కొడితే మాయమవుతుంది. సీసాను సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి.

సమస్య: అన్నీ సరిగ్గానే అతికాయి, కానీ ఫోటోలోని ఓడలా లేదు.

ఇక్కడే ఎక్కువ శ్రమ వృథా అవుతుంది. కారణం ఒక్కటే: వేర్వేరు ఏళ్ల ఫోటోలు కలిపి ఒకే ఓడ కట్టడం. పాత విక్రాంత్ విమాన వాహకనౌక 1961 మార్చిలో మన నౌకాదళంలో చేరింది, 1997 జనవరిలో సెలవు తీసుకుంది. 1971లో ఆ డెక్ మీద సీ హాక్‌లు, అలీజేలు అనే విమానాలు, వాటిని విసిరే క్యాటపుల్ట్ ఉన్నాయి. సీ హారియర్ల కోసం ముందుభాగంలో పైకి లేచే స్కీ జంప్ 1980ల చివరి మరమ్మతుల్లో వచ్చింది. 1971 అని పలక పెట్టి ముందు స్కీ జంప్, పైన సీ హారియర్లు నిలబెడితే, తెలిసినవాళ్లు రెయిలింగ్ దాకా చూడరు, అక్కడే ఆగిపోతారు. కొన్నిసార్లు ఏడాది కూడా చాలదు: బిస్మార్క్ పక్కల మీది నలుపు-తెలుపు పట్టీలను 1941 మే నెలలో, ఆఖరి ప్రయాణం మధ్యలోనే, నార్వేలో ఆగినప్పుడు పెయింట్‌తో కప్పేశారు.

మందు: కిట్ డబ్బా తెరవకముందే ఒక నెల, ఒక ఏడాది కాగితం మీద రాసుకోండి. ప్రతి ఫోటో వెనక తేదీ వేయండి. తేదీ తెలియని ఫోటో ఎంత బాగున్నా విడిగా పెట్టండి, ఆకారం చూడటానికే తప్ప వివరాలకు వాడొద్దు.

సమస్య: మన ఓడకు ఫోటోలు, ప్లాన్లు దొరకడం లేదు.

భారతీయ పేరుతోనే వెతుకుతున్నారు. పుట్టినప్పటి పేరుతో వెతకండి. విక్రాంత్ 1943లో హెర్క్యులిస్‌గా మొదలైంది. విరాట్ హెర్మీస్. తొలి ఢిల్లీ న్యూజిలాండ్ వాళ్ల అకిలీస్, తొలి మైసూర్ నైజీరియా, విక్రమాదిత్య అడ్మిరల్ గోర్ష్‌కోవ్, అంతకుముందు బాకు. బ్రిటిష్ పేర్లతో ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫోటోలు, గ్రీనిచ్ నేషనల్ మారిటైమ్ మ్యూజియం ప్లాన్లు వెతకొచ్చు. హెర్క్యులిస్ బ్రిటిష్ నౌకాదళంలో ఎన్నడూ పనిచేయలేదు కాబట్టి ఆ పేరుతో సముద్రం మీది ఫోటోలు ఆశించకండి. అక్కచెల్లెళ్ల ఓడలు పట్టుకోండి: ఆస్ట్రేలియా మెల్‌బోర్న్, కెనడా బొనావెంచర్ అదే మెజెస్టిక్ తరగతి. ఒళ్లు ఒకటే, మాస్టు, రాడార్లు వేరు. తొలి నీలగిరి తరగతి కట్టాలంటే బ్రిటిష్ లియాండర్ ఫ్రిగేట్ దగ్గర మొదలుపెట్టండి.

అన్నిటికంటే దగ్గరి ఆధారం విశాఖ ఆర్కే బీచ్‌లోని కుర్సురా. రాత్రి రైలెక్కితే పొద్దున్నే చేరతారు. ఫాక్స్‌ట్రాట్ జలాంతర్గామి, పొడవు 91.3 మీటర్లు, 1/350లో 261 మి.మీ. ఒడ్డున నిలబెట్టారు కాబట్టి నీటి కింద దాగే భాగమంతా కంటికి కనబడుతుంది: వెనక మూడు ప్రొపెల్లర్లు, చుక్కానులు, అడుగు వంపు. అనుమతి అడిగి, పక్కన స్టీలు స్కేలు పెట్టి, నేరుగా ఎదురు నుంచి ఫోటో తీయండి. సందర్శకుల కోసం పక్కన కోసిన ద్వారాన్ని మాత్రం మోడల్‌లోకి తేవద్దు. పనిలో ఉన్న ఓడల్ని, డాక్‌యార్డును ఫోటో తీసే ప్రయత్నం ససేమిరా వద్దు. ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు జరిగిన ఏడాది ఒడ్డు నుంచి తీసుకుంటే చాలు.

సమస్య: ప్లాను మీద పెడితే మోడల్ పొట్టిగానో పొడుగ్గానో ఉంది.

జెరాక్స్ షాపులో 'పేజీకి సరిపెట్టు' నొక్కేసి ఉంటారు. వంద శాతం సైజులోనే తీయమనండి, ప్లాన్ మీది కొలబద్దను అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కొలవండి, ఒకవైపే సాగిన కాపీలు చాలా ఉంటాయి. 213.4 మీటర్ల విక్రాంత్ 1/700లో 305 మి.మీ., ఏ3 కాగితం చాలు. 1/350లో 610, ఏ2 పొడవు 594 కాబట్టి చాలదు. ఇళ్ల ప్లాన్లు తీసే ప్లాటర్ షాపుకెళ్లి ఏ1 తీయించండి.

సమస్య: ఫోటో చూసి వేసిన రంగు తప్పు అంటున్నారు.

పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. అందుకే నలుపు-తెలుపు ఫోటోలో ముదురుగా ఉన్నదల్లా ముదురు బూడిద కాదు. కలర్ ఫోటోలో అయితే ఓడ మీది తెల్ల నంబరు చూడండి. అది పసుప్పచ్చగా ఉంటే బూడిద రంగూ అంతే మోసం చేస్తోంది. తిరగేసి ముద్రించిన ఫోటోలూ తగులుతుంటాయి. విమాన వాహకనౌక డెక్ మీద మాస్టు ఉండే ఎత్తైన కట్టడం, ముందుకు చూస్తే, కుడివైపే ఉండాలి, ఎడమవైపు కనబడితే అనుమానించండి. జపాన్ అకాగి, హిర్యూలకు మాత్రం నిజంగానే ఎడమవైపు.

సమస్య: ఓడ అడుగు గాజు పలక మీద ఊగుతోంది.

రెజిన్ అయితే 70 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, గాజు మీద అదిమి పట్టి చన్నీళ్లు పోయండి. ప్లాస్టిక్ అయితే వేడి జోలికి పోకుండా, లోపల ప్రతి 8 సెం.మీ.కి మందపాటి ప్లాస్టిక్ షీటు అడ్డగోడలు అంటించండి. డెక్కు మూయకముందే అడుగున రెండుచోట్ల ఎం3 నట్లు ఎపాక్సీతో పొదగండి. పూర్తయిన ఓడను ప్లైవుడ్ పలకకు కింది నుంచి బోల్టులతో బిగిస్తే, గుంటూరు నుంచి వారధి దాటించి బెజవాడ తెచ్చినా మాస్టు కదలదు. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలి వెళ్లకండి.