లండన్ నుంచి జ్యూరిక్‌కు ఒకే రోజులో రైలు ప్రయాణం: కుటుంబాలకు ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

ఉదయం లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో, సముద్రం కింది సొరంగం గుండా పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కి, పారిస్‌లో స్టేషన్ మారి, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌ల మధ్య నడిచే వేగవంతమైన టీజీవీ లిరియా రైలులో రాత్రి భోజనం వేళకు జ్యూరిక్ చేరడం పసిపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబానికి కూడా సాధ్యమే. మొదటి రైలు దాదాపు రెండుంబావు గంటలు, రెండోది దాదాపు నాలుగు గంటలు నడుస్తుంది. దారిలో వచ్చే చిక్కులు పారిస్‌లోనో సరిహద్దులోనో బయటపడినా, వాటిలో చాలావాటికి బీజం టికెట్లు కొన్ననాడో, సామాను సర్దిన రాత్రో పడి ఉంటుంది. మా అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఈ దారిలో వెళ్లిన అనుభవంతో ఈ వివరాలు రాస్తున్నాను.

సమస్య: రైలుకు ఇంకా 20 నిమిషాలు ఉన్నా సెయింట్ పాంక్రాస్‌లో లోపలికి వెళ్లనివ్వలేదు.

కారణం: యూరోస్టార్‌ను మామూలు రైలుగా భావించడమే. ఇక్కడ టికెట్ గేటు, సామాను తనిఖీ దాటిన తరువాత ఫ్రాన్స్ పోలీసులు లండన్‌లోనే పాస్‌పోర్టు చూసి షెంగెన్ (ఉమ్మడి సరిహద్దు నియమాలున్న ఐరోపా దేశాల ప్రాంతం) ప్రవేశాన్ని నమోదు చేస్తారు. అందువల్ల రైలు బయలుదేరడానికి 30 నిమిషాల ముందే గేట్లు మూసివేస్తారు. పైగా 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త ప్రవేశ-నిష్క్రమణ నమోదు విధానంలో ప్రయాణికుల ఫొటో, అవసరమైనవారి వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి వరుస నెమ్మదిగా కదలవచ్చు.

పరిష్కారం: కుటుంబమంతా రెండు గంటల ముందే స్టేషన్‌లో ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు వీసా మొదలయ్యే తేదీని టికెట్ తేదీతో ముందే సరిచూసుకోవాలి, ఎందుకంటే వీసా మరునాటి నుంచి చెల్లేదైతే లండన్‌లోనే ఆపేస్తారు. హోటల్ బుకింగు, ప్రయాణ బీమా, తిరుగు టికెట్ అడిగే అవకాశం ఉంది కాబట్టి వాటి కాగితపు ప్రతులను ఒకే ఫైలులో పెట్టి ఒక్కరి చేతిలోనే ఉంచడం మంచిది.

సమస్య: దారి కోసం కట్టుకున్న పెరుగన్నాన్ని తీసుకువెళ్లకూడదన్నారు.

కారణం: బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చిన తరువాత, 2021 నుంచి అక్కడి ప్రయాణికులు మాంసాన్ని, పాల పదార్థాలను యూనియన్ దేశాలలోకి తీసుకురాకూడదు. పెరుగు, నెయ్యి, పాలకోవా అన్నీ ఈ నిబంధన కిందికే వస్తాయి.

పరిష్కారం: పులిహోర, నూనెతో కాల్చిన చపాతీలు, ఆవకాయ నిశ్చింతగా తీసుకువెళ్లవచ్చు, రైలులో సొంత భోజనం చేయడానికి అభ్యంతరం ఉండదు. పండ్లలో అరటిపండ్లకు ఇబ్బంది లేదు. పసిబిడ్డకు సీలు తీయని డబ్బా పాలపొడిని 2 కిలోల వరకు అనుమతిస్తారు. విమానంలో మాదిరిగా 100 మిల్లీలీటర్ల పరిమితి లేదు కనుక నీళ్ల సీసాలు నింపుకొనే వెళ్లండి.

సమస్య: పారిస్‌లో కావలసినంత సమయం ఉందనుకుంటే రెండో రైలు తప్పిపోయింది.

ఇది చాలామందిని కుంగదీసే సమస్య, దీనికి కారణాలు కూడా ఒకటికి మించి ఉంటాయి. మొదటిది గడియారం. పారిస్ సమయం లండన్ కంటే ఒక గంట ముందుంటుంది. ఫోను దానంతటదే మారుతుంది గాని చేతి గడియారం మారదు. మా నాన్నగారు తన గడియారం చూసి ఇంకా గంటన్నర ఉందని తీరికగా కాఫీ తాగుతుండగా, నిజానికి మిగిలింది అరగంటే. సొరంగం దాటగానే అందరి గడియారాలూ ఒక గంట ముందుకు తిప్పించండి.

రెండో కారణం, యూరోస్టార్ చేరేది గార్ ద్యు నోర్ స్టేషన్‌కైతే, జ్యూరిక్ రైలు బయలుదేరేది గార్ ద లియోన్ నుంచి. ఈ రెండింటి మధ్య పారిస్ నగర, శివారు రైళ్లైన ఆర్‌ఈఆర్‌లో డి లైను రైలు నేరుగా వెళ్తుంది. మధ్యలో షాట్లే-లే ఆల్ ఒక్కటే స్టేషన్. డి నడవకపోతే ఆర్‌ఈఆర్ బి రైలులో షాట్లే-లే ఆల్ వరకు వెళ్లి అక్కడ ఆర్‌ఈఆర్ ఎ ఎక్కితే తరువాతి స్టేషనే గార్ ద లియోన్. రైలులో గడిచేది కొద్ది నిమిషాలే అయినా, టికెట్ యంత్రం దగ్గర వరుస, మెట్లు, సూట్‌కేసులు కలిసి ఆ కాస్త దూరాన్ని గంట పనిగా మారుస్తాయి. నాలుగేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడి టికెట్ ఉండాలి, ఒకే కార్డుతో నలుగురూ దాటలేరు. బయటికి వచ్చేటప్పుడు కూడా గేటు ఉంటుంది కాబట్టి టికెట్‌ను చివరిదాకా దాచుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే టాక్సీకి వెనుకాడవద్దని నా సలహా.

మూడోది, యూరోస్టారే ఆలస్యంగా రావడం. రెండు ప్రయాణాలూ ఒకే ఒప్పందం కింద ఉన్న టికెట్‌పై జరుగుతుంటే గమ్యం చేర్చే బాధ్యత రైల్వేలదే. విడివిడిగా కొన్న టికెట్లైతే ఎవరి బాధ్యత వారి రైలు వరకే పరిమితం. అందుకని రెండో టికెట్ మార్చుకోవడానికి వీలున్నదిగా కొనాలి, రెండు రైళ్ల మధ్య కనీసం రెండు గంటలు ఉంచాలి, ఆ రోజు జ్యూరిక్ వెళ్లే చివరి రైలుకు మాత్రం ఎన్నడూ బుక్ చేయకూడదు. ఆలస్యం జరిగితే స్టేషన్ వదిలే ముందే సిబ్బందితో దానిని రాతపూర్వకంగా ధ్రువీకరింపజేసుకొని, గార్ ద లియోన్ కౌంటర్‌లో చూపి తరువాతి రైలు అడగండి. విడి టికెట్లున్నవారికి అది హక్కు కాకపోయినా, మర్యాదగా అడిగితే ఫలించే అవకాశం ఉంది. 2023 జూన్ నుంచి అమలులో ఉన్న యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు లేదా అంతకు మించితే 50 శాతం పరిహారం కోరవచ్చు. అయితే కొన్ని అసాధారణ పరిస్థితులకు మినహాయింపు ఉంది.

సమస్య: గార్ ద లియోన్‌లో రైలు దొరికింది గాని మన బోగీ కనబడలేదు.

కారణం: ఈ స్టేషన్‌లో కొన్ని ప్లాట్‌ఫారాలకు అక్షరాలు, కొన్నింటికి అంకెలు ఉంటాయి, అవి వేర్వేరు హాళ్లలో ఉంటాయి. ప్లాట్‌ఫారం సాధారణంగా బయలుదేరడానికి 20 నిమిషాల ముందు మాత్రమే బోర్డుపై కనబడుతుంది. అంతేగాక, ఒక్కోసారి రెండు రైళ్లను ఒకదానికొకటి తగిలిస్తారు. నడుమ లోపలి దారి ఉండదు.

పరిష్కారం: బోర్డు కనబడే చోటే అందరూ నిలబడి, రైలు నంబరు చూసుకొని, బోగీ నంబరు గుర్తు పెట్టుకొని కదలండి. బయలుదేరడానికి రెండు నిమిషాల ముందే తలుపులు మూసుకుంటాయి. రైలు రెండంతస్తులది, బోగీ నుంచి బోగీకి దారి పై అంతస్తులోనే ఉంటుంది. కాబట్టి స్ట్రోలర్, పెద్ద సూట్‌కేసులు ఉన్నవారు బుకింగు సమయంలోనే కింది అంతస్తు కోరుకోవాలి.

సమస్య: పాస్ ఉంది గాని పిల్లలకు సీటు లేదు.

ఐరోపాలోని అనేక దేశాల రైళ్లలో చెల్లే యూరెయిల్ పాస్‌లో 12 ఏళ్లలోపు పిల్లలకు పెద్దవారితో పాటు ఉచితమే గాని, యూరోస్టార్‌లోనూ టీజీవీలోనూ పాస్ ఉన్నవారికీ సీటు రిజర్వేషన్ తప్పనిసరి. పాస్‌దారులకు ఇచ్చే సీట్లు పరిమితంగా ఉంటాయి కనుక ముందు సీట్లు చూసుకొని, ఆ తరువాతే పాస్ కొనండి.

సమస్య: సరిహద్దు దాటాక తనిఖీ సమయంలో ఫోనులో టికెట్ తెరుచుకోలేదు.

స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉన్నా యూరోపియన్ యూనియన్ సభ్యదేశం కాదు. అందువల్ల యూనియన్ దేశాలకే చెల్లే సిమ్ ప్లాన్ ఫ్రాన్స్‌లో పనిచేసినా, సరిహద్దులోని బాసెల్ నగరం దగ్గర ఆగిపోవచ్చు. టికెట్లను ముందుగానే ఫోనులో భద్రపరచి, ఒక కాగితపు ప్రతిని పెద్దవారి చేతిసంచిలో కూడా ఉంచితే, ఫోను చార్జింగు అయిపోయినా తనిఖీ అధికారికి చూపడానికి టికెట్ ఉంటుంది.