కారు ఎత్తు తగ్గించే సస్పెన్షన్‌ను ఎంచుకోవడం – మూడవ పాఠం: ఎంత దించవచ్చో ముందుగా కొలవడం

స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్, కుదింపును చివర్లో ఆపే రబ్బరు ముక్క అయిన బంప్ స్టాప్ అనే మూడింటిలో ఏది ఏ పని చేస్తుందో గత రెండు పాఠాలలో చూశాం. ఈ పాఠంలో కొనుగోలు నిర్ణయానికి వస్తున్నాం. కారు దించాలనుకునేవారిలో ఎక్కువమంది టైరుకూ ఫెండర్‌కూ మధ్య ఉన్న సందును చూసి, అందులో రెండు వేళ్ళు మాత్రమే పట్టాలని ముందే నిశ్చయించుకుని, ఆ తర్వాత ఏ కంపెనీ కిట్ కొనాలని అడుగుతారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. షాక్ అబ్జార్బర్ ఇంకా ఎంత కుదించుకోగలదో, మీరు రోజూ తిరిగే రోడ్లు కారు అడుగుభాగం నుంచి ఎంత జాగా అడుగుతున్నాయో ముందు తెలియాలి. ఎంత దించాలన్న అంకె ఆ రెండింటి నుంచి వస్తుంది. స్ప్రింగ్ గట్టిదనం ఆ అంకె నుంచి వస్తుంది. షాక్ అబ్జార్బర్ రకాన్ని ఆ గట్టిదనమే తేలుస్తుంది. కంపెనీ పేరు అన్నిటికన్నా చివరి మాట.

ఉదాహరణకు ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉండేది), వెనుకవైపు టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే, మెలితిరగగల దూలం) ఉన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకుందాం. స్విఫ్ట్, పోలో, ఐ20 అన్నీ ఈ కోవలోవే. ఇక్కడ ఇస్తున్న కొలతలు లెక్క నేర్చుకోవడానికి ఎంచుకున్నవి కనుక వాటిని మీ కారుకు యథాతథంగా వాడకండి.

కొలతకు కావలసిన పరికరం ఒక జిప్ టై, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు స్ట్రట్ చేతికి అందుతుంది. దుమ్ము పడకుండా ఉన్న రబ్బరు తొడుగును పైకి జరిపితే మెరిసే స్టీలు రాడ్ కనిపిస్తుంది. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే ఆ రాడ్‌కు జిప్ టైను బిగించి, కింద రాడ్ షాక్ అబ్జార్బర్ గొట్టంలోకి దిగే చోట ఉన్న సీలుకు ఆనేవరకు జరపాలి. జారగలిగేంత వదులుగానూ, దానంతట అది కదలనంత బిగుతుగానూ ఉండాలి. సీలు నుంచి బంప్ స్టాప్ కింది అంచు వరకు ఎంత దూరం ఉందో కూడా ఇప్పుడే రాసుకోండి. తర్వాత కారులో మామూలుగా ఎక్కే మనుషులందరినీ ఎక్కించుకుని, మామూలుగా వెళ్ళే దారిలోనే, మామూలు వేగంతోనే ఒక చుట్టు తిరిగి రండి. స్ట్రట్ కుదించుకున్న ప్రతిసారీ సీలు జిప్ టైను పైకి నెడుతుంది, స్ట్రట్ సాగినప్పుడు టై అక్కడే ఉండిపోతుంది. తిరిగి వచ్చాక సీలుకూ టైకూ మధ్య ఉన్న దూరమే మీ రోడ్లు ఆ స్ట్రట్ నుంచి వాడుకున్న గరిష్ఠ ట్రావెల్. ఏ కంపెనీ కరపత్రంలోనూ ఈ అంకె దొరకదు, ఎందుకంటే అది కారుకు మాత్రమే కాదు, మీ దారికీ మీ కుటుంబం బరువుకూ చెందినది.

మన ఉదాహరణలో సీలు నుంచి బంప్ స్టాప్‌కు 75 మిల్లీమీటర్లు ఉన్నాయనీ, టై 50 మిల్లీమీటర్లు పైకి వెళ్ళిందనీ అనుకుందాం. అంటే 25 మిల్లీమీటర్లు వాడకుండా మిగిలాయి. మాక్‌ఫర్సన్ స్ట్రట్ చక్రంతో దాదాపు సమానంగా కదులుతుంది కాబట్టి, కారును 25 మిల్లీమీటర్లు దించితే అదే గట్టిదనం ఉన్న స్ప్రింగ్‌తో కూడా అదే దారిలో బంప్ స్టాప్‌ను కేవలం తాకి ఆగుతుంది. 35 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 40 మాత్రమే. ఇంతకుముందు స్ప్రింగ్‌ను 50 మిల్లీమీటర్లు నొక్కిన బలాన్నే ఇప్పుడు 40లో ఆపాలి కాబట్టి స్ప్రింగ్ సుమారు 50/40, అంటే 1.25 రెట్లు గట్టిగా ఉండాలి. 50 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 25, కావలసిన గట్టిదనం 2 రెట్లు. షాక్ అబ్జార్బర్ చేసే పనిని ఈ లెక్కలో కలపలేదు కనుక ఇది ఉజ్జాయింపే, అయినా ఎంపికకు సరిపోతుంది.

ఈ రెట్లు కారులో కూర్చున్నవారికి ఎలా అనిపిస్తాయో తెలియాలంటే వాటిని కంపన వేగంలోకి మార్చాలి. ముందువైపు ఒక్కో చక్రం మీద 280 కిలోల బాడీ బరువు ఉందనీ, కంపెనీ స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 2 కిలోలనీ, అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోల బరువు కావాలనీ తీసుకుందాం. 2 కిలోలంటే మీటరుకు సుమారు 19,600 న్యూటన్లు. దానిని 280తో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే సెకనుకు 1.33 ఊపులు వస్తాయి. మామూలు ప్రయాణికుల కార్లు ఇంచుమించు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 1.25 రెట్ల స్ప్రింగ్‌తో ఇదే అంకె 1.49 అవుతుంది, కారు బిగువుగా అనిపిస్తుంది, వెనుక కూర్చున్న పెద్దవాళ్ళు మాత్రం ఏమీ అనరు. 2 రెట్ల స్ప్రింగ్‌తో 1.88 అవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అది హాయిగానే ఉంటుంది, కానీ పైకి పొడుచుకు వచ్చిన మ్యాన్‌హోల్ మూతలూ, తవ్వి సరిగా పూడ్చని కేబుల్ గుంతలూ ఉన్న కాలనీ రోడ్డు మీద ప్రతిరోజూ దాన్ని భరించడం వేరే సంగతి. 158 కిలోమీటర్ల ఔటర్ చుట్టూ వారానికి ఒకసారి తిరిగే కారు కూడా చివరికి ఇంటి ముందు గల్లీలోకే వస్తుందని మరచిపోయి కిట్ కొనేవారే ఎక్కువ.

ఇక, దుకాణాలలో దాదాపు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. స్ప్రింగ్ కుదించుకోవడం గురించే అందరూ మాట్లాడతారు, స్ట్రట్ పూర్తిగా సాగినప్పుడు స్ప్రింగ్ ఏమవుతుందో ఆలోచించరు. 280 కిలోల బరువు కింద 2 కిలోల స్ప్రింగ్ 140 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. చక్రం గుంతలో పడినప్పుడు స్ట్రట్ 90 మిల్లీమీటర్లు సాగుతుందనుకుంటే, అప్పటికీ స్ప్రింగ్‌లో 50 మిల్లీమీటర్ల నొక్కు మిగిలే ఉంటుంది, అది తన గిన్నెలో గట్టిగానే కూర్చుంటుంది. ఇప్పుడు 1.25 రెట్ల గట్టి స్ప్రింగ్ వేసి 35 మిల్లీమీటర్లు దించాం. ఈ స్ప్రింగ్ అదే బరువు కింద 112 మిల్లీమీటర్లే నొక్కుకుంటుంది. పాత స్ట్రట్ అలాగే ఉంది కాబట్టి పూర్తిగా సాగడానికి దానికి 90కి తోడు 35, మొత్తం 125 మిల్లీమీటర్లు ఉన్నాయి. అంటే చివరి 13 మిల్లీమీటర్లలో స్ప్రింగ్ వదులై, గిన్నె నుంచి లేచి, తిరిగి కూర్చునేటప్పుడు టక్కుమంటుంది. పెద్ద గుంత తర్వాత ముందువైపు నుంచి వచ్చే ఆ చప్పుడును లింక్ రాడ్ చప్పుడనుకుని లింక్ రాడ్లు మార్చినవారు ఎందరో. మంచి కంపెనీలు ఈ సమస్యకు రెండు మార్గాలు పట్టాయి. స్ప్రింగ్ ఒక కొసన చుట్లను దగ్గరగా చుట్టి, అవి బరువు కింద పూర్తిగా మూసుకుని, స్ట్రట్ సాగినప్పుడు తెరుచుకునేలా చేయడం ఒకటి. పొట్టి రాడ్ ఉన్న షాక్ అబ్జార్బర్ వాడడం రెండోది. బిల్‌స్టీన్‌లో బీ6 మామూలు ఎత్తుకు, బీ8 దించిన కార్లకు పొట్టిగా చేసినది. ఈ తేడా తెలియక బీ6 కొని దించే స్ప్రింగ్‌లు బిగించవద్దు.

ఇదే లెక్క స్ప్రింగ్ కటింగ్‌ను ఎందుకు చేయించకూడదో కూడా చెబుతుంది. చుట్టు కోస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది, పొట్టిదవుతుంది, రెండూ కావలసినవే కదా అని కొందరు మెకానిక్‌లు వాదిస్తారు. కానీ కోసిన కొస గిన్నె ఆకారానికి సరిపడదు, సాగినప్పుడు పట్టు ఉండదు, ఎంత గట్టిపడిందో కొలిచినవారూ ఉండరు. గ్యాస్ మంటతో కాల్చి దించడం ఇంకా అధ్వాన్నం, అక్కడ స్టీలు గుణమే పోతుంది. ఈ రెండింటి గురించి ఇంతకు మించి చర్చ అనవసరం.

షాక్ అబ్జార్బర్ విషయానికి వద్దాం. స్ప్రింగ్ గట్టిదనం పెరిగినప్పుడు దాన్ని అదుపు చేయడానికి కావలసిన డ్యాంపింగ్ (ఊపును అణచే నిరోధం) వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 1.25 రెట్లకు సుమారు 12 శాతం, 2 రెట్లకు సుమారు 41 శాతం. కొత్తగా ఉన్న కంపెనీ షాక్ అబ్జార్బర్ 12 శాతం లోటును భరించగలదు, అరిగినది భరించలేదు. అందుకే 25 నుంచి 35 మిల్లీమీటర్ల లోపు దించేవారికి నా సలహా ఒక్కటే: ఐబాక్ ప్రో-కిట్ వంటి పేరున్న స్ప్రింగ్‌లు, వాటితో పాటే కొత్త పొట్టి షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగ్‌లు మాత్రమే మార్చి ఎన్నో వేల కిలోమీటర్లు తిరిగిన పాత షాక్ అబ్జార్బర్లను అలాగే ఉంచడం పొదుపులా కనిపిస్తుంది కానీ, ఆ తర్వాత అవి లీకైనప్పుడు అదే పనికి రెండోసారి కూలి ఇవ్వాలి.

41 శాతం లోటును మామూలు షాక్ అబ్జార్బర్ పూడ్చలేదు, అక్కడ కాయిలోవర్, అంటే స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే జతగా వచ్చి ఎత్తు మార్చుకోగలిగే యూనిట్, అవసరమవుతుంది. కాయిలోవర్లన్నీ ఒకటి కావు. కేడబ్ల్యూ కంపెనీ వీ1లో ఎత్తు మాత్రమే మార్చవచ్చు, డ్యాంపింగ్‌ను కంపెనీయే నిర్ణయిస్తుంది. వీ2లో సాగుదల డ్యాంపింగ్‌నూ, వీ3లో సాగుదల, కుదింపు రెండింటినీ విడివిడిగా మార్చవచ్చు. తైవాన్ కంపెనీ బీసీ రేసింగ్ వారి బీఆర్ శ్రేణిలో ఒకే బిరడాతో రెండూ కలిసి మారతాయి. మొదటిసారి కొనేవారికి వీ1 తరహాదే మంచిదని నా అభిప్రాయం. ముప్పై మెట్ల బిరడా ఉన్నంత మాత్రాన దానిని ఏ మెట్టు మీద పెట్టాలో తెలిసిపోదు. అంతకన్నా ముఖ్యంగా చూడవలసింది ఎత్తు ఎలా మారుతుందన్నది. కొన్నింటిలో స్ప్రింగ్ గిన్నెను మాత్రమే కిందికి తిప్పుతారు, అప్పుడు దించినకొద్దీ కుదింపు ట్రావెల్ తగ్గుతుంది. కొన్నింటిలో కింది బ్రాకెట్ వేరుగా ఉండి మొత్తం స్ట్రట్ పొడవే మారుతుంది, ట్రావెల్ అలాగే ఉంటుంది. నగరం రోడ్లకు రెండోదే మేలు, అయితే అప్పుడు టైరు ఫెండర్ లోపలికి తగులుతుందేమో వేరుగా చూసుకోవాలి. పై మౌంట్ రబ్బరుదా, లోహపు బేరింగ్‌దా అని కూడా అడగండి. లోహపుది మన దుమ్ములో, వానల్లో త్వరగా చప్పుడు మొదలుపెడుతుంది. ఎయిర్ సస్పెన్షన్ ఖర్చూ నిర్వహణా వేరు కనుక ఈ పాఠాల పరిధిలోకి తీసుకోవడం లేదు.

ఇప్పుడు రోడ్డు అడిగే జాగా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. ముందు, వెనుక చక్రాల మధ్య 2.5 మీటర్లు ఉన్న కారు దాని మీద ఉన్నప్పుడు రెండు చక్రాలూ హంప్ మీదే ఉంటాయి, కాబట్టి పొట్ట భాగం కోల్పోయే ఎత్తు 46 మిల్లీమీటర్లు మాత్రమే. అదే కాలనీవాసులు సొంతంగా సిమెంటుతో పోసుకున్న, 15 సెంటీమీటర్ల ఎత్తు, ఒక అడుగు వెడల్పు గట్టు అయితే చక్రాలు రెండు పక్కలా నేల మీద ఉంటాయి, గట్టు పూర్తి 150 మిల్లీమీటర్లనూ పొట్ట కిందికి తెస్తుంది. ఖాళీ కారుకు 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉంటే, నలుగురు ఎక్కాక 140కి దిగుతుందనుకుంటే, దించకముందే అది తగులుతోంది. కాబట్టి హంప్ ఎత్తు కన్నా దాని వెడల్పే మనకు ప్రధానం. తారనాక నుంచి మాదాపూర్‌కు వెళ్ళేవారు ప్రధాన రోడ్ల కంటే తమ అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లోకి దిగే పొట్టి ర్యాంపునూ, ఆఫీసు సెల్లార్ ర్యాంపునూ ముందుగా చూసుకోవడం మంచిది. పరీక్ష సులభం: ఎంత దించదలచారో అంత మందం ఉన్న థర్మకోల్ ముక్కలను ముందు బంపర్ కింది అంచుకూ, ఇంజిన్ కింది క్రాస్ మెంబర్‌కూ, సైలెన్సర్‌కు దూరంగా పొట్ట కిందా టేపుతో అతికించి, నిండు కారుతో ఆ దారంతా తిరగండి. ఏ ముక్క చెరిగిందో అక్కడ రేపు లోహం చెరుగుతుంది.

మరొక హద్దు లోయర్ ఆర్మ్ (చక్రం కింది భాగాన్ని కారు చట్రానికి కలిపే చేయి) వాలు. లోపలి బోల్టు ఎత్తునూ, చక్రం వైపు బాల్ జాయింట్ ఎత్తునూ నేల నుంచి కొలవండి. దించాక బాల్ జాయింట్ లోపలి బోల్టు కన్నా బాగా పైకి పోతే, బాడీ ఒరుగుదలకు ఇరుసైన రోల్ సెంటర్ బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారి, మలుపులో కారు ఒరగడం తగ్గడానికి బదులు పెరగాలని చూస్తుంది. తక్కువ ఎత్తు కారు మలుపులో తప్పక మెరుగ్గా ఉంటుందన్న నమ్మకం ఒక హద్దు దాటాక నిజం కాదు.

చట్టం గురించి తెలిసే ముందడుగు వేయండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. కిట్ వెంట వచ్చే జర్మన్ తనిఖీ సంస్థ టీయూవీ పత్రం మన ఆర్‌టీఏ అనుమతి కాదు. కొనకముందే ఆర్‌టీఏ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగడం ఉత్తమం. ప్రమాదం జరిగాక క్లెయిమ్ సమయంలో సర్వేయర్ స్ప్రింగ్ రంగు చూసి అడిగే ప్రశ్నకు మౌఖిక హామీ జవాబు కాదు.

ఈ పాఠానికి అభ్యాసం: రెండు ముందు స్ట్రట్లకూ జిప్ టై కొలత తీసి, 20, 30, 40 మిల్లీమీటర్లు దించితే కావలసిన గట్టిదనం ఎన్ని రెట్లో మూడింటికీ లెక్క కట్టండి. థర్మకోల్ పరీక్షలో చెరిగిన చోట్లను అదే కాగితం మీద రాయండి. మీరు చూస్తున్న కిట్ అమ్మేవారిని ముందు, వెనుక స్ప్రింగ్‌ల గట్టిదనం మిల్లీమీటరుకు ఎన్ని కిలోలో అడగండి. ఆ రెండు అంకెలు చెప్పలేని కిట్‌ను జాబితా నుంచి తీసేయండి. వెనుక టార్షన్ బీమ్‌లో స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ వేరువేరు చోట్ల ఉంటాయి కనుక ముందువైపు లెక్క అక్కడ నేరుగా పనికిరాదు. చక్రం కదలికలో స్ప్రింగ్ ఎంత వంతు కదులుతుందో చెప్పే మోషన్ రేషియో కొలవడం, డిక్కీ నిండినప్పుడు వెనుక ఎంత దిగుతుందో లెక్కించడం నాలుగవ పాఠంలో చూద్దాం. దానికి ఒక టేపూ, జాకీ, 50 కిలోల సిమెంటు బస్తాలు రెండు సిద్ధంగా ఉంచుకోండి.