నేమ్ సర్వర్ నిర్వహణ, 4వ పాఠం: లాగ్‌లో దొంగ క్వెరీలను గుర్తించడం

గత పాఠంలో బైండ్ అనే నేమ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో మన డొమైన్‌కు అధికారిక నేమ్ సర్వర్‌ను (ఆ డొమైన్ పేర్లకు అసలు జవాబులు ఇచ్చే సర్వర్‌ను) నిలబెట్టాం. ఇప్పుడది 53వ పోర్టులో అడిగినవారందరికీ జవాబిస్తోంది. దాన్ని ఇంకొకరి మీద దాడికి వాడుకోవాలని చూసేవాళ్లూ ఆ అడిగేవారిలో ఉంటారు. వారి జాడ పట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

డీఎన్ఎస్ (పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే వ్యవస్థ) క్వెరీలు, అంటే ప్రశ్నలు, ఎక్కువగా యూడీపీలో (ముందు కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతిలో) వస్తాయి. యూడీపీలో పంపినవారి చిరునామా నిజమైనదో కాదో సరిచూసే ఏర్పాటు లేదు. బాధితుడి ఐపీ చిరునామా పెట్టి ఎవరైనా చిన్న క్వెరీ పంపితే, పెద్ద జవాబు వెళ్లి బాధితుడి మీద పడుతుంది. డీఎన్ఎస్‌తో ఇలా 28 నుంచి 54 రెట్ల దాకా ట్రాఫిక్ పెంచవచ్చని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం హెచ్చరించింది. 2013 మార్చిలో స్పామ్ మెయిళ్లను అడ్డుకునే స్పామ్‌హాస్ సంస్థ మీద ఈ పద్ధతిలో జరిగిన దాడి సెకనుకు 300 గిగాబిట్ల దాకా వెళ్లిందని అప్పట్లో లెక్కగట్టారు. అక్కడ వాడుకున్నవి ఎవరడిగినా జవాబిచ్చే రిజాల్వర్లు (వాడుకరుల తరఫున పేర్లను వెతికిపెట్టే సర్వర్లు). అధికారిక సర్వర్లనూ ఇదే పనికి వాడతారు.

కాబట్టి లాగ్‌లో ఒకే చిరునామా వేలసార్లు కనిపించగానే ఫైర్‌వాల్‌లో దాన్ని అడ్డుకోవద్దు. అది చాలావరకు బాధితుడి చిరునామా. ఏదైనా పెద్ద పబ్లిక్ రిజాల్వర్‌ది అయితే దాన్ని వాడే వారెవరికీ మీ డొమైన్ దొరకదు. ఈ విషయం బోధపడకుండా మిగతా పాఠం చదివినా ప్రయోజనం ఉండదని నా నమ్మకం.

ఇప్పుడు లాగ్ చూద్దాం. ‘ఆర్ఎన్‌డీసీ క్వెరీలాగ్ ఆన్’ అనే ఆదేశంతో బైండ్ ప్రతి క్వెరీనీ ఒక వరుసగా రాస్తుంది. రద్దీ సర్వర్‌లో ఇది డిస్కుకు భారం, కాసేపు చూసి ఆపేయండి. వరుసలో క్లయింటు చిరునామా, పోర్టు, అడిగిన పేరు, రికార్డు రకం, ఆ తర్వాత కూడిక గానీ తీసివేత గానీ గుర్తు ఉంటాయి. ఆ చిన్న గుర్తును చాలామంది పట్టించుకోరు గానీ, నేను ముందు చూసేది దాన్నే. కూడిక ఉంటే ‘నా తరఫున మీరే వెతికిపెట్టండి’ అని క్లయింటు అడిగినట్టు. నిజమైన రిజాల్వర్ అధికారిక సర్వర్‌ను అలా అడగదు, కనుక తీసివేత గుర్తు రావాలి. కూడికలు ఒక్కసారిగా పెరిగాయంటే వచ్చేది మామూలు ట్రాఫిక్ కాదని అనుమానించాలి.

రెండో ఆధారం టీటీఎల్, అంటే జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే గడువు. మీ రికార్డు టీటీఎల్ 3600 సెకన్లు అనుకుందాం. జవాబు అందుకున్న రిజాల్వర్ దాన్ని గంటసేపు దాచుకోవచ్చు. పెద్ద రిజాల్వర్లకు క్యాషెలు (జవాబులు దాచుకునే నిల్వలు) అనేకం ఉంటాయి గనుక ఒకే ప్రశ్న కొన్నిసార్లు తిరిగి రావచ్చు. అదే పేరు, అదే రకం సెకనుకు పదులసార్లు వస్తుంటే మాత్రం జవాబు అడిగినవారికి చేరడం లేదనుకోవాలి. రకం ‘ఎనీ’ (ఆ పేరుకున్న రికార్డులన్నీ ఇమ్మని అడగడం) అయితే అనుమానం మరింత బలపడుతుంది. క్లయింటు పోర్టు ప్రతిసారీ 80 లేదా 443గా (ఇవి వెబ్ సర్వర్ల పోర్టులు) ఉన్నా అంతే.

ఇంకో రకం దాడి దీనికి భిన్నం. పేరు ముందు అర్థంలేని అక్షరాలు మారుతూ వస్తాయి, లేని పేర్లు కనుక ఎన్ఎక్స్‌డొమైన్ (‘ఆ పేరు లేదు’ అనే) జవాబులు ఒక్కసారిగా పెరుగుతాయి. ఇక్కడ అడిగేవి తరచుగా నిజమైన రిజాల్వర్లే, వాటి వెనకున్న మాల్‌వేర్ సోకిన పరికరాలు అడిగిస్తాయి. ఇందులో లక్ష్యం మీ సర్వరే.

మొదటి రకానికి మందు జవాబుల వేగానికి హద్దు పెట్టడం, అంటే ఆర్ఆర్ఎల్. ఒకే నెట్‌వర్క్‌కు (ఐపీవీ4లో మామూలుగా 24 బిట్ల బ్లాకు) ఒకే జవాబు హద్దు దాటి వెళ్లబోతే బైండ్ ఆపుతుంది. ఆపినవాటిలో సగానికి కత్తిరించిన చిన్న జవాబు పంపుతుంది. మధ్యలో చిక్కుకున్న నిజమైన రిజాల్వర్ అది చూసి టీసీపీలో (ముందు ఇరువైపులా కనెక్షన్ పెట్టుకునే పద్ధతిలో) మళ్లీ అడుగుతుంది. దొంగ చిరునామాతో టీసీపీ కనెక్షన్ పూర్తికాదు. ఈ సగం పాళ్లను నిర్ణయించే అమరిక పేరు ‘స్లిప్’, దాని మామూలు విలువ 2. దాన్ని 0 చేయవద్దు, చేస్తే నిజమైన వారికి ఆ దారి మూసుకుపోతుంది.

ఈ వారం అభ్యాసం: రేట్ లిమిట్ విభాగంలో సెకనుకు జవాబుల హద్దు 10 పెట్టి, ‘లాగ్ ఓన్లీ’ని ఎస్ చేయండి. అప్పుడు బైండ్ దేన్నీ ఆపదు, ఆపి ఉండేవాటిని లాగ్‌లో రాస్తుంది. వారం తర్వాత అందులో మీకు తెలిసిన రిజాల్వర్లు ఉన్నాయేమో చూసి, ఉంటే హద్దు పెంచండి. ఆ తర్వాతే నిజంగా అమలు చేయండి.