చేతిలో పట్టే పరికరం సొంతంగా చేస్తున్నారా? బ్యాటరీ ఇలా పెట్టండి

ఇద్దరు ముగ్గురు కలిసి తిరుపతిలో ఒక గదిలో కూర్చుని హ్యాండ్‌హెల్డ్ పరికరం చేయడానికి కావాల్సినవి కొన్నే: ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్ బోర్డు), చిన్న ఓఎల్‌ఈడీ స్క్రీన్, బటన్లు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. బటన్లు మూడుకు మించకూడదు. ముందు బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద నడిపించి, తర్వాత పీసీబీ, అంటే అచ్చు సర్క్యూట్ బోర్డు వేయించండి. ఇక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు.

పని చెడేదంతా బ్యాటరీ దగ్గరే. పాత ఫోన్లో ఊడదీసిన సెల్ మాత్రం వద్దు. లిథియం సెల్ ఫ్యాక్టరీ 2022లో మన తిరుపతిలోనే మొదలైంది, ఇంకా ఉబ్బిన సెల్స్‌తో ప్రయోగాలెందుకు? ప్రొటెక్షన్ సర్క్యూట్ (ఛార్జ్ మితిమీరినా, షార్ట్ అయినా సెల్‌ను ఆపేసేది) ఉన్న కొత్తది కొనండి.

సెల్ నిండితే 4.2 వోల్టులు, వాడకంలో ఎక్కువసేపు 3.7 దగ్గర ఉంటుంది. ఈఎస్‌పీ32కి కావాల్సింది 3.3. మధ్యలో వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చేందుకు చాలామంది ఏఎంఎస్1117 రెగ్యులేటర్ పెట్టేస్తారు. అది తన వంతుగా దాదాపు ఒక వోల్టు తినేస్తుంది, 3.7లో అది పోతే 3.3 మిగలదు. ఇంకేముంది, వైఫై ఆన్ కాగానే బోర్డు రీసెట్ అవుతుంది, కోడ్‌లో తప్పుందని తెల్లవార్లూ వెతుకుతారు. చాలా తక్కువ వోల్టేజీ తినే ఏపీ2112 రెగ్యులేటర్ పెట్టండి, ఆ గొడవే ఉండదు.

ఇక ఛార్జింగ్. సెల్‌ను ఛార్జ్ చేసే టీపీ4056 మాడ్యూల్ మామూలుగా కరెంటును నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్‌తో వస్తుంది, అంటే 1 ఆంపియర్ ఇస్తుంది. 500 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్) సామర్థ్యం ఉన్న సెల్‌కు అది చాలా ఎక్కువ. ఆ రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్ పెడితే 250 మిల్లీఆంపియర్లకు దిగుతుంది. ఛార్జింగ్ ఆలస్యమైనా పర్వాలేదు. సెల్‌ను 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు, మన ఊళ్లో మే నెలలో గాలే 40 దాటుతుంది. పైగా ఈ మాడ్యూళ్లలో వేడిని గమనించే పిన్నును గ్రౌండ్‌కు కలిపేసి అమ్ముతారు. మీ పీసీబీలో ఆ పిన్నుకు థర్మిస్టర్ (వేడిని బట్టి విలువ మారే రెసిస్టర్) తప్పకుండా ఇవ్వండి, సెల్‌ను ఛార్జర్ చిప్‌కు దూరంగా ఉంచండి.

కనెక్టర్ గుచ్చేముందు మీటర్ పెట్టి చూడండి. ఎర్ర వైరు ఏ వైపు రావాలో అమ్మేవాళ్లందరూ ఒకేలా పాటించరు. మీటర్‌లో అంకె ముందు మైనస్ గుర్తు కనిపించిందా, వైర్లు తారుమారైనట్టే, వెంటనే ఆగిపోండి.

పవర్ బ్యాంక్ బోర్డు పెడితే ఇవన్నీ తప్పుతాయి కదా అంటారు. తప్పవు. పరికరం స్లీప్‌లోకి వెళ్లి కరెంటు తక్కువ తీసుకోగానే ఆ బోర్డుల్లో చాలావరకు సరఫరా ఆపేస్తాయి.

పరికరం పెట్టెను పీఈటీజీ ప్లాస్టిక్‌తోనే 3డీ ప్రింట్ చేయించండి. మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ అయితే ఎండలో నిలిపిన బండి డిక్కీలోనే వంగిపోతుంది.